ఏనుగు తలమీద సుడి

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది ఒక ఏనుగు. జానెడు పొడుగు, జానెడు ఎత్తు, ఒళ్ళంతా బూడిదరంగు ఊలు. ఒక చెవి మాత్రం ఆకుపచ్చ. డెబ్బైల మొదట్లో నేను తిరువూరు పొలిమేర దాటాలంటే ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే ఆ ఏనుగు విస్సన్నపేట రెండుసార్లు, గంపలగూడెం ఒకసారి, పెనుగొలను ఒకసారి బస్సెక్కి వెళ్ళొచ్చింది. వెళ్ళిన ప్రతిచోటా దానికి మర్యాదే జరిగింది. దుమ్ము దులిపి అద్దాల బీరువాలో పై అరలో కూర్చోబెట్టేవారు. వచ్చినవాళ్ళకి చూపించి, "మా అమ్మాయి చేసిందండి" అని చెప్పేవారు.

ఆ అమ్మాయిల్లో ఏ ఒక్కరూ దాన్ని చెయ్యలేదు. చేసింది నేను.

ఎవరిమీదా నేరం మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ రోజుల్లో మా వైపు పెళ్ళిచూపులంటే పిల్లతో పాటు పిల్ల చేతిపని కూడా చూపించాలి. బల్లమీద గుడ్డ, రేడియోమీద గుడ్డ, గుమ్మానికి పూసల తెర, బీరువాలో ఊలు బొమ్మలు. పిల్ల పాట పాడకపోయినా సర్దుకుపోయేవారు గానీ, కుట్లూ అల్లికలూ రావంటే వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. అందరు ఆడపిల్లలకీ అన్నీ ఎక్కడొస్తాయి? అందుకని ఇరుగూపొరుగూ దగ్గర తెచ్చుకునేవారు, మంచి కుర్చీలు తెచ్చుకున్నట్టే, వెండి గ్లాసులు తెచ్చుకున్నట్టే. వచ్చినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. వాళ్ళిళ్ళలోనూ ఆడపిల్లలున్నారు. అయినా అడిగేవాళ్ళు అడిగేవారు, చెప్పేవాళ్ళు చెప్పేవారు. అందరికీ తెలిసిన అబద్ధాన్ని అబద్ధమనరు, మర్యాద అంటారు.

మా అమ్మకి కొక్కెం పుల్లతో అల్లే క్రోషా పని వచ్చు. ఆవిడ అల్లినవన్నీ తెల్లదారంతో గుండ్రటి గుడ్డలే. పూలకుండీ కింద ఒకటి, రేడియో నెత్తిన ఒకటి, మంచినీళ్ళ కూజా మీద ఒకటి. మా ఇంట్లో నెత్తిన గుడ్డ లేకుండా బతికిన వస్తువు లేదు. నాకు పదేళ్ళప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోయింది. నేను పుల్లని ఎడమచేత్తో పట్టుకున్నాను. ఆవిడ లాక్కుని కుడిచేతిలో పెట్టింది. కాసేపటికి అది దానంతటదే ఎడమచేతిలోకి వచ్చేసేది. ఒక వారం ఈ యుద్ధం నడిచాక, దీనికి ఈ జన్మలో అల్లిక రాదని తేల్చేసి ఆవిడ పుల్ల దాచేసుకుంది.

నాది పుర్రచేతివాటం. మా ఇంట్లో దాన్ని బయటికి చెప్పుకోలేని జబ్బులాగా చూసేవారు. అన్నం తినడం కుడిచేతికి మారింది, అమ్మ దెబ్బలవల్ల. రాయడం మారింది, మాస్టారి బెత్తంవల్ల. ఎవరికైనా గ్లాసందిస్తుంటే అమ్మ చూపు నా మొహంమీద కాక నా చేతులమీద ఉండేది. ఈ సంగతి గడప దాటకూడదని ఆవిడ గట్టి పట్టు. ఎడమచేత్తో వడ్డించే కోడల్ని ఏ అత్తగారు ఒప్పుకుంటుందని ఆవిడ భయం. ఆ భయం ఉత్తిది కాదని తర్వాత తెలిసిందనుకోండి.

మా పెరటిగోడకి అవతల ఒక ముస్లిముల ఇల్లుండేది. ఇంటాయన లారీ నడిపేవాడు. ఇంటావిడ వాళ్ళ మగవాళ్ళకీ చుట్టాలకీ నమాజు టోపీలు అల్లేది. నేను ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని. ఒక వేసవి సెలవుల్లో గోడెక్కి ఆవిడ చేతుల్లోకి చూస్తూ కూర్చుంటే, రమ్మని పిలిచి పుల్ల చేతికిచ్చింది. సైకిలు స్పోకుని చివర అరగదీసి చేసిన పుల్ల అది. నేను భయపడుతూ ఎడమచేత్తో పట్టుకున్నాను. ఆవిడ పుల్ల లాక్కోలేదు. కాస్త ఆలోచించింది.

"నా పక్కన కూర్చోకమ్మా, ఎదురుగా కూర్చో. అద్దంలో చూసుకుంటున్నట్టు నన్ను చూసి అల్లు" అంది.

అంతే. మా అమ్మకి గానీ, బడిలో కుట్లు నేర్పే టీచరుకి గానీ తట్టని ఉపాయం. ఆవిడ కుడిచెయ్యి ఎటు కదిలితే నా ఎడమచెయ్యి అటు కదిలింది. పొద్దు వాలేలోపు నాకు గొలుసు అల్లడం వచ్చింది, చక్రం అల్లడం వచ్చింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. రాదని తేల్చేసినవాళ్ళకి వచ్చిందని చెప్పడం కూడా ఎదురుచెప్పడం కిందికే వస్తుంది మరి.

టోపీ నడినెత్తిన ఆరు ముడులతో మొదలవుతుంది. రెండో చుట్టుకి పన్నెండు, మూడోదానికి పద్దెనిమిది. అలా పెంచుకుంటూ పోతే పళ్ళెంలా విచ్చుకుంటుంది. పెంచడం ఆపేస్తే అంచులు కిందికి దిగి గిన్నె అవుతుంది. అదే టోపీ. అక్కడ దారం తెంపాలి. ఒకరోజు నేను తెంపకుండా, పెంచినట్టే తగ్గిస్తూ పోయాను. ఏమవుతుందో చూద్దామని తప్ప వేరే ఉద్దేశం లేదు. గిన్నె మూతి మూసుకుపోయి చేతిలోకి ఒక ఉండ వచ్చింది. మూసేముందు కాస్త దూది కూరాను. అది అచ్చం ఏదో జంతువు తల. కళ్ళు లేవు, చెవులు లేవు, అయినా తలే. పిన్ని దాన్ని అటూఇటూ తిప్పి చూసి, ఈ టోపీ ఇంక ఎవరూ పెట్టుకోలేరు, దీనికే ఒక టోపీ కావాలి అని నవ్వింది.

అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టింది. పెద్ద ఉండ ఒళ్ళు, చిన్న ఉండ తల, నాలుగు సన్న గొట్టాలు కాళ్ళు. చెవుల్ని బట్టి కుందేలు, మూతిని బట్టి కుక్క. చూసి చెయ్యడానికి పుస్తకం లేదు. లెక్కల నోటుపుస్తకం వెనకపేజీల్లో అంకెలు రాసుకునేదాన్ని, ఏ చుట్టుకి ఎన్ని ముడులో. ఆ పేజీలు చూసి మా అమ్మ నేను లెక్కలు చేస్తున్నానని మురిసిపోయింది. మొదటి కుందేలులో మా పొలం పత్తిని గింజలు తియ్యకుండా కూరాను. వారంలో ఎలుకలు దాన్ని లోపలినుంచి ఖాళీ చేసేశాయి. పైకి కుందేలు అలాగే నిలబడి ఉంది, ముట్టుకుంటే చప్పున కూలిపోయింది. తర్వాతినుంచి పాత తలగడల్లో బూరుగుదూది వాడాను. కళ్ళకి నాన్న చొక్కా గుండీలు. జంతువులకి కళ్ళు పెరుగుతున్నకొద్దీ నాన్న చొక్కాలకి గుండీలు తగ్గుతూ వచ్చాయి. ఆయన ఎన్నడూ ఎందుకని అడగలేదు, పైపంచె ఇంకాస్త దగ్గరికి లాక్కునేవాడు.

నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. మాది వ్యవసాయం. పత్తి, కాస్త వరి, నాలుగు మామిడి చెట్లు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో నాన్నకి పేరొచ్చింది వేరే పనికి. పశువుల సుడులు చూడటంలో ఆయన చెప్పిందే మాట. ఎద్దుని గానీ గేదెని గానీ కొనబోయేవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళేవారు. నుదుటిమీద, మూపుమీద, వెన్నుమీద వెంట్రుకలు ఎటు తిరిగాయి, ఎన్నిచోట్ల తిరిగాయి అని వేళ్ళతో తడిమి చూసేవాడు. ఫలానా సుడి ఉంటే ఇంటికి మంచిది, ఫలానాది ఉంటే యజమానికి కీడు. నాకు అందులో నమ్మకం లేదు, అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. కానీ ఆయన చూసే పద్ధతి మాత్రం చాలా గొప్పగా ఉండేది. ఒక్క మాటనేవాడు కాదు. అరగంట చూసి "తోలుకెళ్ళు" అనో "వద్దులే" అనో అనేవాడు. ఆ ఒక్క ముక్క కోసం మనుషులు ఎండలో నిలబడి కాచుకునేవారు.

అలాంటి మనిషి నా జంతువులకేసి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళ బీరువా ఆడవాళ్ళది.

ఏనుగు నాకు నెల రోజులు పట్టింది. తొండం దగ్గర చాలాసార్లు విప్పాను. దూది ఎక్కువ కూరితే ముందుకి తూలిపోతుంది, తక్కువైతే వడిలిన పొట్లకాయలాగా వేలాడుతుంది. చివరికి లోపల కట్టుతీగ పెట్టి, కొస కాస్త పైకి వంచి నిలబెట్టాను. రెండో చెవి సగంలో ఉండగా బూడిదరంగు ఊలు అయిపోయింది. ఊలు కావాలంటే ఎవరో ఒకరు బెజవాడ వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళు దొరికేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఉన్న ఆకుపచ్చ ఊలుతో చెవి అల్లేశాను. అది చూసి మా అమ్మ తలపట్టుకుంది. తర్వాత తర్వాత చూసినవాళ్ళంతా ఆ చెవినే మెచ్చుకోవడం మొదలుపెట్టాక, అది తన సలహాయేనని చెప్పుకుంది.

అవును, అప్పటికి ఇంట్లో తెలిసిపోయింది. అమ్మకి కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ కలిపి ఒక షరతు పెట్టింది. ఎంతైనా అల్లుకో, కానీ ఎవరన్నా ఉన్నప్పుడు పుల్ల ముట్టుకోకు.

ఏనుగుని మొదట తీసుకెళ్ళింది మా వీధి చివరింటివాళ్ళు. వాళ్ళ పిల్లకి పెళ్ళిచూపులు. కాఫీలందించడానికి సాయంగా నన్నూ పిలిచారు. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను, కుడిచేత్తోనే. పెళ్ళికొడుకు తల్లి బీరువాలోకి చూసి, ఏనుగు ఎంత ముచ్చటగా ఉందో అంది. ఆ పిల్ల తల్లి, "అన్నం తినడం కూడా మర్చిపోయి అల్లిందండీ మా పిల్ల" అంది. అన్నం మర్చిపోయిన మాట నిజమే, మర్చిపోయింది నేను. పొగడ్త విన్న వెంటనే సిగ్గుతో తల వంచుకున్నది కూడా నేనే. అది చూసి ఆ పెళ్ళికొడుకు తల్లి, పళ్ళెం పట్టుకున్న పిల్లకి ఇంత సిగ్గెందుకో అనుకుని ఉంటుంది.

ఆ సంబంధం కుదిరింది. దాంతో ఏనుగుకి హస్తవాసి మంచిదని పేరొచ్చింది. వెంట కుక్కనీ కుందేళ్ళనీ కూడా పట్టుకెళ్ళేవారు. తువ్వాల్లో చుట్టి, బుట్టలో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేవారు. మా అమ్మ ఎవరికీ లేదనేది కాదు. ఆడపిల్ల పెళ్ళికి అడ్డం పడితే పాపమని ఆవిడ లెక్క. ఒకసారి కుక్క తోక లేకుండా తిరిగొచ్చింది. ఒకసారి ఏనుగు తలకి కుంకుమబొట్టుతో వచ్చింది. "ఎంత బాగా చేశావమ్మా" అని అందరూ అనేవారు. మా గడప దాటాక ఒక్కరూ అనేవారు కాదు.

నాకు కడుపులో మండేది. అందుకే నా పెళ్ళిచూపుల కోసం నేను కాచుకున్నాను. పెళ్ళికొడుకు ఎలా ఉంటాడన్న ఆత్రం నాకు పెద్దగా లేదు. ఆ రోజున మా ఇంట్లో, మా బీరువా ముందు, పదిమందిలో మా అమ్మ "మా అమ్మాయి చేసిందండి" అంటుంది. ఒక్కసారన్నా ఆ మాట నిజమవుతుంది. అది వినాలి. నాకు కావలసింది అంతే.

ఈలోగా ఒక గేదెని కూడా చేశాను. మా ఇంటి గేదెనే ఎదురుగా కూర్చుని రోజూ చూసి చేశాను. నల్ల ఊలు, ఒకవైపే ఒంగిన కొమ్ము, విసుగు మొహం. నాకు అన్నిటికంటే బాగా కుదిరింది అదే. కానీ దాన్ని ఒక్కరూ అడగలేదు. అందరి ఇళ్ళలోనూ పెరుగూ నెయ్యీ గేదెదే, బీరువాలో మాత్రం ఎవరూ చూడని ఏనుగు కావాలి. అమ్మ దాన్ని తలుపు వెనక గూట్లో పెట్టేసింది. రోజూ పేడ ఎత్తేది చాలక బొమ్మ కూడానా అంది.

నా చూపుల రోజు వచ్చింది. మధిర వైపు సంబంధం. పెళ్ళికొడుకు, తల్లిదండ్రులు, మేనత్త వచ్చారు. మేనత్త సన్నగా, చురుగ్గా ఉంది, గుమ్మంలో అడుగుపెడుతూనే ఇంటి మొత్తాన్ని లెక్కేసుకుంది. ముందురోజు నుంచీ అమ్మ నాకు ఒకటే చెప్తోంది, గ్లాసు కుడిచేత్తో, తాంబూలం కుడిచేత్తో, ఎడమచెయ్యి కొంగుకింద. నేను అన్నీ సరిగ్గానే చేశాను. కాఫీలయ్యాయి. పెళ్ళికొడుకు తల్లి బీరువాకేసి చూసింది. మా అమ్మ గొంతు సవరించుకుంది.

"అవన్నీ మా అమ్మాయి చేసినవేనండి" అంది అమ్మ.

నేను ఇన్నేళ్ళు కాచుకున్న మాట. పూర్తిగా చెవుల్లో పడకముందే మేనత్త లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. ఏనుగుని చూసింది, ఆకుపచ్చ చెవిని చూసింది.

"ఈ ఏనుగుని మేం ఉగాదికి ముందు విస్సన్నపేటలో చూశామండి. అక్కడ కూడా వాళ్ళమ్మాయే చేసిందన్నారు" అంది.

విస్సన్నపేటవాళ్ళు మా అమ్మకి చుట్టాలు. వీళ్ళ సంబంధం అక్కడ కుదరకపోయినా, ఆ పిల్లకి వేరేచోట నిశ్చయమై పెళ్ళి దగ్గరకొచ్చింది. మేమే ఇచ్చామండీ అంటే ఆ పిల్ల అబద్ధం బయటపడుతుంది, ఆ మాట ఏ నోటినుంచి ఏ నోటికి వెళ్తుందో తెలీదు. అమ్మ ఖాళీ గ్లాసులు ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టింది. అబద్ధాలాడినవాళ్ళందరి ఇళ్ళలోనూ నమ్మిన మనుషులు, నిజం చెప్పిన రోజున మాత్రం మావైపు దొంగల్ని చూసినట్టు చూశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే దగ్గరగా ఉంది.

మేనత్త చెడ్డమనిషేం కాదు. నొప్పించకుండానే, పోనీ మా ముందు రెండు చుట్లు అల్లి చూపించమ్మా అంది. అమ్మ లోపలికెళ్ళి ఊలూ పుల్లా తెచ్చింది. ఇచ్చేటప్పుడు నా కళ్ళలోకి చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. నేను పుల్లని కుడిచేత్తో పట్టుకున్నాను.

గొలుసు కూడా రాలేదు. దారం జారిపోయింది, ముడి బిగుసుకుపోయింది, పుల్ల కిందపడింది. అన్నీ చేసిన చెయ్యి కొంగుకింద ఊరికే కూర్చుంది, ఏమీ చేతకాని చెయ్యి నలుగురి ముందూ పరీక్ష రాసింది. పెళ్ళికొడుకు తల్లి, కంగారుపడకమ్మా, అందరికీ అన్నీ రావాలనేముంది అంది. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలంటే రెండో చెయ్యి బయటికి తియ్యాలి.

అప్పుడు నాన్న లేచాడు. అప్పటిదాకా మూల కుర్చీలో పైపంచె సర్దుకుంటూ కూర్చున్న మనిషి, బీరువా దగ్గరికి వెళ్ళి ఏనుగుని తీశాడు. సంతలో చూసినట్టే చూశాడు. మెడ తడిమాడు, మూపు తడిమాడు, నడినెత్తిన బొటనవేలు పెట్టి మెల్లిగా తిప్పాడు. తర్వాత పూలకుండీ ఎత్తి, దాని కింద అమ్మ అల్లిన తెల్లగుడ్డని తీసి, రెండిటినీ మేనత్త ముందు పెట్టాడు.

"ఇది మా ఆవిడ అల్లిందండి, కుడిచెయ్యి. చుట్టు ఎటు తిరిగిందో చూడండి. ఈ ఏనుగు సుడి దానికి ఎదురు తిరిగింది. కుడిచేతివాళ్ళకి ఇలా తిరగదు. మా పిల్లది పుర్రచెయ్యి" అన్నాడు.

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అన్ని జంతువులు చేసి, అన్ని తలలు మొదలుపెట్టి, నేనే చూసుకోలేదు. మిగతావాళ్ళ అల్లిక కుడినుంచి ఎడమకి నడిస్తే నాది ఎడమనుంచి కుడికి నడుస్తుంది. నా కుక్కకి, నా కుందేళ్ళకి, అన్నిటికీ నెత్తిమీద సుడి అటే తిరిగి ఉంది. ఆడవాళ్ళ బీరువాకేసి చూడడనుకున్న మనిషి ఎప్పుడు చూశాడో, ఎన్నిసార్లు చూశాడో.

మేనత్త రెండిటినీ దగ్గరగా పెట్టుకుని చూసింది. మరి విస్సన్నపేటవాళ్ళ మాటేమిటండీ అని అడిగింది.

"సంతలో ఒకే ఎద్దుని ఇద్దరు మాదంటారండి. మేం మనుషుల్ని అడగం, సుడి చూస్తాం" అన్నాడు నాన్న. కాస్త ఆగి, ఏనుగు మొహంకేసి వేలు చూపించి, "పైగా ఆ కళ్ళు నా చొక్కావి" అన్నాడు. అని నావైపు తిరిగాడు.

"నీ చేత్తో అల్లమ్మా."

నేను కొంగుకింది చెయ్యి బయటికి తీశాను. ముందు కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత పుల్ల తీసుకుని ఆరు ముడులేశాను, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు. ఎవరివైపూ చూడలేదు. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ అల్లలేదు. అమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మేనత్త నా చేతుల్లోకి వంగి చూస్తూ, "పిల్లే చేసిందర్రా" అంది వాళ్ళవాళ్ళతో.

అలా పదిమందిలో ఆ మాట నిజమైంది. నాలుగు రోజులకి మధ్యవర్తి చేత కబురొచ్చింది. పిల్ల బాగుంది, పనితనం ఇంకా బాగుంది, అబద్ధమాడని కుటుంబమని అందరికీ గౌరవం కలిగింది. కాకపోతే పుర్రచెయ్యి గనక వడ్డనా అదీ ఇబ్బందని పెద్దవాళ్ళు అనుకుంటున్నారు, ఏమీ అనుకోవద్దు. అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. నిజం చెప్పడానికి ముహూర్తం అదేనా అని మాత్రం మూడు పూటలూ గోడలతో అంటూ ఉండేది. నాకు పెళ్ళి కాకుండా పోలేదు, రెండేళ్ళకి అయింది. వాళ్ళు నా చేతివాటం ముందే విని వచ్చారు. తిరువూరు చుట్టుపక్కల అప్పటికి వినని వాళ్ళు లేరు మరి.

విస్సన్నపేట చుట్టాలు వాళ్ళ పిల్ల పెళ్ళికి మమ్మల్ని పిలిచారు గానీ పలకరించలేదు. గురివింద గింజ తన నలుపెరగదని అమ్మ అక్కడే, వాళ్ళ పందిట్లోనే అనేసింది. అసలు వింత ఇంకోటి జరిగింది. సుడి సంగతి పాకిపోయి, మా వైపు పెళ్ళిచూపులకి వెళ్ళే ఆడవాళ్ళు బీరువాల్లోంచి కుక్కల్నీ కుందేళ్ళనీ తీసి నడినెత్తి చూడటం మొదలుపెట్టారు. పక్కవీధి నుంచి ఒకావిడ వచ్చి, మా పిల్లకి కుడిసుడి ఉన్న ఏనుగు ఒకటి చేసిపెట్టమ్మా అని అడిగింది. నాకు కుడిసుడి రాదండీ అన్నాను. అంత పనితనం ఉండి ఇంత చిన్న పని రాకపోతే ఎలా అని నొచ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. మధిర నుంచి కబురొచ్చిన సాయంత్రం నేను పెరట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆ పెళ్ళికొడుకుమీద నాకు ప్రేమేమీ లేదు, అయినా వద్దనిపించుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. నాన్న పాలు పితికి చెంబుతో కొట్టంలోంచి బయటికొచ్చాడు. నన్ను చూసి ఆగాడు. ఓదార్చడం ఆయనకి చేతకాదు.

"మన గేదెని కూడా చేశావు గదా, ఏదీ?" అన్నాడు.

తలుపు వెనక గూట్లోంచి తెచ్చిచ్చాను. చెంబు కింద పెట్టి, బొమ్మని తీసుకుని, కొట్టంలోకి వెళ్ళి అసలు గేదె పక్కన మేత వేసే గాడి అంచుమీద నిలబెట్టాడు. దాన్నీ చూశాడు, దీన్నీ చూశాడు. నుదురు, మూపు, వెన్ను, తోక మొదలు. నేను సంతలో ఎద్దు కొనడానికొచ్చిన మనిషిలాగా నిలబడి కాచుకున్నాను. చాలాసేపు చూశాడు.

"ఒంగిన కొమ్ము ఎడమది. నువ్వు కుడివైపు పెట్టావు" అన్నాడు.

చూశాను. నిజమే. గేదెకి ఎదురుగా కూర్చుని చూశాను, దాని ఎడమకొమ్ము నాకు కుడివైపు కనిపించింది. కుట్టేటప్పుడు మాత్రం బొమ్మని నావైపు వీపు పెట్టి పట్టుకుని, నా కుడివైపే కుట్టేశాను. నా బొమ్మల్ని అంతవరకూ అందరూ బాగున్నాయనే అన్నారు. అన్నవాళ్ళందరూ మర్నాడు తువ్వాలు పట్టుకుని వచ్చారు. తప్పుందని చెప్పిన మొదటి మనిషి మా నాన్న. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

పుల్లా సూదీ తెచ్చుకుని అక్కడే గాడి అంచున కూర్చుని రెండు కొమ్ములూ విప్పేశాను. ఎడమచేత్తోనే మళ్ళీ కుట్టాను, ఒంగినది ఎడమవైపు. నాన్న పాలచెంబు సంగతి మర్చిపోయి అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. అయ్యాక తీసుకుని ఇంకోసారి నెత్తి తడిమి చూసి, "తోలుకెళ్ళు" అన్నాడు.